సగం ధర చీటీలు

మా కోడలికి ఆరో నెల నడుస్తుండగా భద్రాచలం దవాఖానాల వేలు గుచ్చి రక్తం చూసిండ్రు. ఏడున్నర ఉన్నదన్నరు. ఎంత ఉండాల్నమ్మా అంటే, పదకొండు అన్నది నర్సమ్మ. నేను మూడో తరగతి కాడ ఆగినదాన్ని. అయినా ఏడున్నరకు పదకొండుకు నడుమ ఎంత దూరమో ఆమె మొహం చూస్తెనే తెలిసింది.

"గోళీలు ఇస్తున్న, రోజూ మింగాలె. గోళీలొక్కటే అయితే సాలదు. ఆకుకూరలు, కూరగాయలు, పప్పు, గుడ్డు కడుపుల పడాలె. తొమ్మిదో నెల వచ్చేసరికి తొమ్మిదన్నా దాటకుంటే ఇక్కడ కాన్పు చెయ్యరు. ఖమ్మం రాస్తరు," అన్నది.

ఖమ్మం అంటే మాకు మాటలు కాదు. మేముండేది సారపాకల. గోదావరి బ్రిడ్జి దాటితే భద్రాచలం దవాఖానా, ఆటోల పావుగంట. ఖమ్మం అంటే నొప్పుల మనిషిని బండ్ల పండబెట్టుకొని గంటలకు గంటలు పోవాలె. మా వీధిల ఒక పిల్లకు అట్లనే రాసిచ్చిండ్రు. దారిలనే కాన్పయింది. తల్లి దక్కింది గని బిడ్డ దక్కలే. ఆ ముచ్చట మా కోడలి ముందర ఎవ్వరం ఎత్తం. ఎత్తకున్నా దానికి తెలుసు. దవాఖానా కాగితం చేతికిచ్చినప్పుడల్లా దాంట్ల ఖమ్మం అన్న మాట ఉన్నదా అని వెతుక్కుంటది.

ఇంట్ల మేము నలుగురం. నా పెనిమిటి, కొడుకు, కోడలు, నేను. కొడుకు కాగితం మిల్లుకు వచ్చే జామాయిల్ కర్ర లారీలు దించే కూలి. లారీ వస్తే పని, రాకుంటే లేదు. మా ఆయనకు నడుం పడిపోయి ఇంటికాడనే ఉంటడు. నేను బ్రిడ్జి అవతల ఒక లాడ్జిల గదులు ఊడుస్త, దుప్పట్లు ఉతుకుత. రేషన్ బియ్యం వస్తయి కాబట్టి అన్నానికి కరువు లేదు. అన్నంలకు ఏంది అన్నదే రోజూ పంచాయితీ. చింతపండు చారు, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు. కూరగాయలంటే వారం సంతకు పొద్దుగూకే యాళకు పోయి, అమ్మేటోళ్లు సంచులు దులుపుకుంటుంటే మిగిలినవి ఏరుకొచ్చుడే. ముప్పై ఏండ్ల నుంచి నా బేరమంతా అదే యాళకు. నలిగిన టమాట, పుచ్చు వంకాయ, పసుపు పారిన తోటకూర. పుచ్చు కోసేస్తే సగమే మిగులుతది. ఆ సగం మగోళ్ల కంచాలకే సరిపోతది.

అట్లాంటప్పుడు మా వీధి అంగన్‌వాడీ కాడికి ఒక మేడం వచ్చింది. పట్నం పిల్ల. భుజానికి గుడ్డసంచి, చేతిల రిజిస్టరు, ఎనక ఇద్దరు. మమ్మల్నందరిని చాపల మీద కూసోబెట్టింది.

"అమ్మా, రైతుబజారులో కూరగాయలు మీకు సగం ధరకే దొరికేలా మా సంస్థ ఒక పని మొదలుపెట్టింది. మీరు యాభై కడితే వంద రూపాయల చీటీలు ఇస్తాం. ఆ చీటీలిచ్చి కూరగాయలు తీసుకోండి. రైతుకి మేం పూర్తి ధర ఇచ్చేస్తాం," అన్నది.

సగం ధర అన్న మాట ఇనంగనే నా చెవులు నిలబడ్డయి. సంతోషంతోటి కాదు.

"మిగిలిన యాభై ఎవరు కడతరమ్మా?" అన్న.

"మా సంస్థ."

"మీ సంస్థకు ఎవరిస్తరు?"

"దాతలు ఉంటారమ్మా."

"ఆ దాతలకు మేమేమైతం? మేనత్తలమా?"

అందరు నవ్విండ్రు. ఆ మేడం కూడా నవ్వింది. నాకు అదే నచ్చలే. మోసం చెయ్యనోళ్లకు గీ మాటంటే కోపం రావాలె గదా, నవ్వుతదేంది అనుకున్న.

ఆమె అడిగిన కాగితాలు ఇంటే ఇంకా అనుమానం. ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, ఒక ఫొటో, ఫోన్ నంబరు. నాలుగు వంకాయలకు ఇన్ని కాగితాలెందుకు? ఇవన్ని తీసుకపోయి ఎవరికో చూపెట్టి, వీళ్లకు కూరగాయలు కూడా అందుతున్నయి, ఇంక రేషన్ బియ్యమెందుకని కార్డు కొట్టేస్తే? మా అమ్మగారి ఊరు చర్ల అవతల. పేర్లు రాసుకుంటందుకు ఎవరొచ్చినా, ఏ డ్రెస్సుల వచ్చినా, మా నాయిన ఇంట్ల ఉన్నా సరే అడవిల కట్టెలకు పోయిండని చెప్పమనేది మా అమ్మ. పేరు ఒక్కసారి కాగితం మీదికెక్కితే అది ఎవరి చేతులల్లకు పోతదో ఎవరికెరుక అని ఆమె భయం. ఆ భయం నాకు పాలతోటే వచ్చింది.

నేను లేచి చీర దులుపుకున్న.

"మాకొద్దమ్మా. కూరగాయలు మేము సంతల కొనుక్కుంటం."

మా ఎదురింటి వదిన గట్టిగ నవ్వింది. ఆమె పెనిమిటి బొగ్గుబాయిల కాంట్రాక్టు పని చేసొచ్చిన మనిషి. ఆమెకు నోరు ఎక్కువ. "మా వదిన వేలు గుచ్చితే రక్తం రాదు మేడం, అనుమానమే కారుతది," అన్నది.

నవ్వితే నవ్విండ్రు. నేను లేచిన యాళకు నా ఎనక ఇంకో పదిమంది లేచిండ్రు. ఆ వీధిల నా మాటకు అంత విలువుండె.

ఇంటికొచ్చినంక కోడలు మెల్లగ అన్నది, "అత్తా, ఒక్కసారి తీసుకొని చూస్తే ఏమైతది?"

"ఏమైతదో అయినంక తెలుస్తది. అప్పుడు చేసేది ఏముండదు."

అది పోయి పొయ్యి ముట్టిచ్చింది.

నెల తిరిగింది. మళ్ల దవాఖానాకు తోలుకపోయిన. ఈసారి ఏడు పాయింట్ రెండు అన్నరు. పెరగాల్సింది పోయి తగ్గింది. నర్సమ్మ కళ్లద్దాల మీదికెల్లి కోడలిని చూసింది.

"గోళీలు మింగుతున్నవా, దొడ్లె పోస్తున్నవా?"

కోడలు తల దించుకున్నది. ఆ తల దించుకున్న తీరు చూసి నాకు కూడా అనుమానం పుట్టింది. ఆ గోళీలు మింగితే కడుపుల తిప్పుతదని అది ఒకట్రెండుసార్లు అనుండె. ఇంటికొచ్చి, అది తానానికి పోయినప్పుడు బియ్యం డబ్బాల ఎనక, పొయ్యి ఎనక, మోరి పక్కన మొత్తం వెతికిన. ఒక్క గోళీ దొరకలే. దాని ట్రంకుపెట్టె కూడా తెరిచిన. పుట్టబోయే బిడ్డకు పాత చీర ముక్కలతోటి కుట్టిన పొత్తిగుడ్డలు మడిచిపెట్టి ఉన్నయి, వాటికింద ఖాళీ అయిన గోళీల అట్టలు. పారెయ్యకుంట దాచుకున్నది. ఎవరన్న అడిగితే చూపెట్టొచ్చని. అంటే నేను అడుగుతనని దానికి ముందే తెలుసు.

పెట్టె మూసి బయటికొచ్చి చాలాసేపు అరుగు మీద కూసున్న. పిల్ల మింగమన్నవన్ని మింగింది. కంచంలకే ఏం రాలే. కంచంలకు పెట్టాల్సింది నేను.

తెల్లారి జిరాక్సులు తీసుకొని అంగన్‌వాడీ కాడికి పోయి యాభై కట్టిన. మేడం పది చీటీలిచ్చింది, ఒక్కోటి పది రూపాయలది. పచ్చ కాగితం, గుండ్రటి ముద్ర, కింద గడువు తేదీ. అక్షరమక్షరం కూడబలుక్కొని చదివిన. రెండు చీటీలు పక్కపక్కన పెట్టి ముద్రలు చూసిన. ఒకదాని ముద్ర పలచగ ఉన్నది. ఇదెందుకిట్లున్నదని అడిగితే, ఇంకు అయిపోయిందమ్మా అన్నది. ఆమె నా ఫోన్ నంబరు అడిగితే నేను ఎప్పుడో బందైపోయిన సిమ్ము నంబరు చెప్పిన. ఆమె నమ్మి రాసుకున్నది. నన్ను అంత సులువుగ నమ్మినందుకు కూడా ఆమె మీద నాకు అనుమానమే.

నేను తీసుకున్ననని తెలిసి ఇంకో నలుగురు తీసుకున్నరు. వాళ్లు కూలి అడ్డాకు పోయేటోళ్లు, నాకు లాడ్జిల ఎనిమిదికి పని. అందుకని అయిదుగురం కలిసి తెల్లారంగనే ఆటో ఎక్కి బ్రిడ్జి దాటినం. ఆరు కొట్టేసరికి రైతుబజార్ల ఉన్నం.

నేను రైతుబజార్ల పొద్దుగాల కాలు పెట్టుడు అదే మొదలు. ఏం చెప్పాలె! వంకాయలు తళతళ మెరుస్తున్నయి. బీరకాయల మీద పూలు కూడా రాలలే. దుమ్ముగూడెం దిక్కు నుంచి మొదటి బస్సుకు వచ్చిన ఒక ముసలామె ఎర్ర కాడల గోంగూర కట్టలు పేరుస్తున్నది. ఆకుల మీద నీళ్లు ఇంకా ఆరలే. ప్రతి బల్లకు ఒక అట్ట కట్టి ఉన్నది, చీటీలు తీసుకుంటమని.

మొదటి బల్ల టమాటలాయనది. కిలో ఇయ్యమని పచ్చ చీటీలు చూపెట్టిన. ఆయన చీటీ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, తక్కెడ దిక్కు చూసిండు.

"అటు తిరిగి రా అక్కా," అన్నడు.

వంకాయలామె కాడికి పోయిన. "జరసేపాగి రా."

గోంగూర ముసలామె కాడికి పోయిన. నా చేతిల పచ్చ కాగితం చూడంగనే తడి గోనెసంచి తీసి కట్టల మీద కప్పింది. "ఆ పక్క చూసుకొని రా తల్లీ. మంచిగుంటయి అక్కడ కూడా."

మిగిలిన నలుగురికి కూడా అదే జవాబు. తిరిగి రా, ఆగి రా, అటు పోయి రా. లేదు అంటే కొట్లాడేదాన్ని. తిరిగి రా అంటే ఏమని కొట్లాడుత? మూడుసార్లు బజారంతా తిరిగినం. మూడుసార్లు అదే మాట. అమ్మేటోళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నరు తప్ప, సంగతి ఏందని ఒక్కరు చెప్పలే. నాకు పనికి యాళైంది. వాళ్లకు అడ్డా తప్పిపోతది. వట్టి సంచులతోటి బయటపడ్డం.

ఇంక నాకు అంతా తేటగా కనపడ్డది. పైసలు తీసుకున్నరు, కాగితం చేతుల పెట్టిండ్రు. బల్లలకు అట్టలు కట్టిండ్రు మంది నమ్మేటట్టు. అమ్మేటోళ్లకు కూడా వాటా ఉన్నది, అందుకే ఎవ్వరు నోరు విప్పలే.

సాయంత్రం వీధిల ఇంటింటికి తిరిగి చెప్పిన. నేను ముందుగాలనే అన్ననా లేదా? చెల్లని కాగితాలు అమ్మిండ్రు మనకు. నాతోటి వచ్చిన ఒకామె ఆమె చీటీలు పొయ్యిల పెట్టింది. ఇంకొకామె పిల్లలు వాటితోటి పడవలు చేసి మోరిల వదిలిండ్రు. నేను నావి బియ్యం డబ్బాల దాచిన. కూరగాయల కోసం కాదు. పోలీసు స్టేషన్ల సాక్ష్యం కావాలె గదా.

ఆ పొద్దు అన్నం తినేటప్పుడు చారు పోసుకుంట కోడలు అడిగింది, "గోంగూర కనపడ్డదా అత్తా?"

"కనపడ్డది."

"ఎర్ర కాడదా?"

"ఎర్ర కాడదే. లేత ఆకు."

"మంచిగున్నదా?"

పుట్టింటోళ్ల మంచిచెడు అడిగినట్టే అడిగింది. నేను లేచి గిన్నెలు కడుగుతందుకు పోయిన.

నాలుగు రోజులకు మేడం వీధికి వచ్చింది. నీ నంబరుకు ఎన్నిసార్లు చేసినా కలవలేదమ్మా అన్నది. కలవదు. నేను నడిమి వీధిల నిలబెట్టి అడిగిన.

"మీ చీటీ ఒక్కరన్న తీసుకోలే. ఏం బేరం ఇది?"

ఆమె మొహం తెల్లబోయింది. "తీసుకోలేదా? ఎవరు? ఏ బల్ల? పేరో గుర్తో చెప్పండి. చీటీ తీసుకోకపోతే అక్కడ చోటు ఉండదని అందరికీ ముందే చెప్పాం. ఇవాళే ఖాళీ చేయిస్తాం." రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకున్నది.

నా నాలుక మీదికి వచ్చింది. టమాటలాయన, వంకాయలామె, గోంగూర ముసలామె. చెప్తే అయిపోయేది. గని ఆ తెరిచిన రిజిస్టరు చూసేసరికి ఆగిన. ఈమెకు పేర్లెందుకింత జల్దీగ కావాలె? నిజంగనే ఖాళీ చేయిస్తదా, మా ముందర నాటకమా? నాటకం కాకుంటే, మొదటి బస్సుకు నెత్తిన గంప పెట్టుకొని వచ్చిన ముసలి మనిషి జాగ నా మాట మీద పోతది. ఆమె నన్ను తిట్టలే, కసరలే. సంచి కప్పింది, అంతే.

"గుర్తు లేదు," అన్న.

"ఒక్కరు కూడా గుర్తు లేరా?"

"మాకు అందరి మొహాలు ఒకతీరే ఉంటయమ్మా."

ఆమె నన్ను అనుమానంగ చూసింది. ఫరవాలేదు, పట్నం పిల్లకు కూడా చాతనైతది అనుకున్న.

ఆ వారమే లాడ్జిల నీళ్ల మోటరు కాలిపోయింది. మిస్త్రీ వచ్చి పోయినంక పన్నెండింటికి రమ్మన్నడు ఓనరు. నేను అప్పటికే బ్రిడ్జి దాటి ఉన్న. యాళ చిక్కింది కదా, వీళ్ల సంగతి ఏందో చాటుగ చూద్దామని రైతుబజారు గేటు పక్కన, స్కూటర్లు పెట్టే రేకుల షెడ్డు ఎనక నిలబడ్డ. కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్న. పది గంటలైంది.

ఒకామె వచ్చింది. నా అసువంటి చీరనే, నా అసువంటి చెప్పులే. టమాటలాయన కాడ ఆగి పచ్చ చీటీలు తీసింది. ఆయన కనీసం చూడను కూడా చూడలే. తూకమేసిండు, సంచిల పోసిండు, చీటీలు డబ్బాల వేసుకున్నడు. అక్కడికెల్లి ఆమె గోంగూర ముసలామె కాడికి పోయింది. ముసలామె గోనెసంచి కప్పలే. కట్టలు ఏరి మరీ ఇచ్చింది.

అమ్మా, ఇదా సంగతి! వాళ్ల మనిషినే పెట్టి మంది ముందర కొన్నట్టు చేయిస్తున్నరు!

ఆమె గేటు దాటంగనే అడ్డం పోయిన.

"ఎంతిచ్చిండ్రు నీకు?"

"ఎవరు?"

"చీటీలోళ్లు. అందరికి కనపడేటట్టు కొనమని."

ఆమె నన్ను పైకెల్లి కిందికి చూసింది. "పొద్దున్నే కల్లు తాగినవా పెద్దమ్మా?"

"మరి నీకిచ్చిండు, మాకెందుకియ్యలే? మేము అయిదుగురం వచ్చినం. మూడు చుట్లు తిరిగినం."

"నాకేం తెలుసు? పిల్లలను బడికి తోలి, గిన్నెలు తోమే ఇండ్లు రెండు చూసుకొని, రోజు ఇదే యాళకు వస్త. ఎప్పుడూ కాదనలే. పోయి వాళ్లనే అడుగు. నా మీద పడుతవేంది?" సంచి భుజానికేసుకొని పోయింది.

నేను సక్కగ గోంగూర ముసలామె ముందర పోయి నిలబడ్డ. కొంగు తీసేసిన.

"ఆమెకు ఇస్తివి. నాకు లేదంటివి. నా మొహం మీద ఏమన్న రాసి ఉన్నదా?"

ముసలామె నన్ను గుర్తుపట్టింది. "లేదని ఎప్పుడన్న బిడ్డా? తిరిగి రమ్మన్న. నువ్వే రాలే."

"మూడుసార్లు తిరిగి వచ్చిన!"

"ఆ మూడుసార్లు కూడా బోణీ కాకపాయె. నేనేం జేతు?"

పక్క బల్ల వంకాయలామె కిసుక్కున నవ్వింది.

ముసలామె గొంతు తగ్గించి చెప్పింది. "బోణీ కాగితంతోటి చేస్తరా ఎవరన్న? దినంల మొదటి బేరానికి చేతిల రూపాయి పడాలె. కండ్లకద్దుకోవాలె, తక్కెడకు తాకియ్యాలె. పచ్చ కాగితం కండ్లకద్దుకుంటే పొద్దుగూకేదాక కాగితాలే వస్తయి. మీరు అయిదుగురు పొద్దు పొడవకముందే కాగితాలు పట్టుకొని దిగిండ్రు. ఈ వరుసల ఒక్కరికి బోణీ కాలే అప్పటికి."

"మరి ఆ మాట నోటితోటి చెప్పొద్దా?"

"ఎట్ల చెప్తం? బోణీకి వచ్చిన మనిషిని లేదనొద్దు. లేదంటే ఆ దినమంతా లేదనే అయితది. చీటీ తీసుకోనన్నమని ఆ మేడం చెవిన పడ్డదా, జాగ పోతది. బోణీ అన్నమనుకో, ఇంకా గవేం నమ్మకాలు అని మీటింగుల అంటది. అందుకే తిరిగి రమ్మంటం. తిరిగొచ్చేసరికి బోణీ అయితది, అప్పుడు ఇస్తం. అందరికీ తెలిసిందే గదా?"

అందరికీ తెలిసిందే. పొద్దుగాల బజారుకు పోయేటోళ్లందరికి తెలిసిందే. నేను పోయేసరికి సంతల ఎవరి బోణీ ఎప్పుడైందో అడిగే పనే ఉండదు, ఆఖరి బేరం కూడా అయిపోయి ఉంటది. మొదటి బేరం ముచ్చట నా బతుకులకు ఎన్నడొచ్చింది?

"మాకు కూడా భయమే బిడ్డా," అన్నది ముసలామె. "ఈ కాగితాలకు పైసలిస్తరా ఇయ్యరా అని. ఇప్పటిదాకనైతే వారం వారం ఇస్తనే ఉన్నరు. ముందు సంగతి ఎవరికెరుక?"

ఆ మాట ఇన్నంక నాకు ఆమె మీద కొంచెం నమ్మకం కుదిరింది. అంతా మంచిగున్నది అని ఉంటే నమ్మకపోదును.

నిజం తేలేదాక చీటీలు ఇంట్ల పెట్టుడు కూడా మంచిది కాదని, మేడం వచ్చి పోయిన కాన్నుంచి బియ్యం డబ్బాల నుంచి తీసి నడుముకు చెక్కుకునే తిరుగుతున్న. అక్కడనే తీసిచ్చిన. నాలుగు కట్టల గోంగూర, రెండు కట్టల తోటకూర. వంకాయలామె కాడ కిలో, టమాటలాయన కాడ కిలో. ముసలామె ఇంకో కట్ట మీదేసింది.

"ఇదెందుకు? వాడిపోయిందా?" అని తిప్పి చూసిన.

"నీ అసువంటి మనిషికి కొసరు వేసుడు నాదే తప్పు," అని ఆ కట్ట మళ్ల గుంజుకోబోయింది. నేను ఇయ్యలే.

వీధిల చెప్పుడు దానికన్న కష్టమైంది. ఎదురింటి వదిన నడుం మీద చేతులు పెట్టుకున్నది.

"మొన్న ఇంటింటికి తిరిగి మోసమంటివి. ఇయ్యాళ ఇంటింటికి తిరిగి మంచిదంటున్నవ్. నడుమ నీకేమన్న ముట్టిందా వదినా?"

"ముట్టింది. ఒక గోంగూర కట్ట."

ఆమె నవ్వింది. గని చీటీలు పొయ్యిల పెట్టినామె నవ్వలే. నీ మాట ఇని యాభై రూపాయలు కాల్చుకున్న అన్నది. ఆ మాట నిజమే. ఆమెకు రెండు కట్టలు ఇయ్యబోతే తీసుకోలే. చాన్నాళ్లు నా గడప తొక్కలే. బతుకమ్మకు ఎదురుపడ్డా మొహం పక్కకు తిప్పుకొని పోయింది.

మేడంకు కూడా చెప్పిన, పేర్లు చెప్పకుంట. "పొద్దున పూట బోణీ అయ్యేదాక చీటీ చెల్లదమ్మా. అది రాసుకో నీ రిజిస్టర్ల. మనుషులను కాదు." ఆమె పెన్ను తీసి రాసుకున్నది. "ఈ ఒక్క ముక్క మాకు ఎవరూ చెప్పలేదేంటమ్మా?" అన్నది. మీరు మీటింగుల అడగలే, వాళ్లు మీటింగుల చెప్పలే అన్న.

ఆ తరువాత పనులకు పోయేటోళ్లం మేమొక పద్ధతి పెట్టుకున్నం. తెల్లారి పోయినా సరే, ఒక్కో బల్ల కాడ ఒక్కొక్కరం ముందుగాల చిల్లర తీసి కరివేపాకో, నాలుగు పచ్చిమిరపకాయలో కొంటం. నాణెం కండ్లకద్దుకొని తక్కెడకు తాకిచ్చినంక చీటీలు బయటికి తీస్తం. ఇప్పుడు మేము కనపడంగనే టమాటలాయన, బోణీ బ్యాచి వచ్చింది అంటడు.

ఇంట్ల వండుడు నేనే, వడ్డించుడు నేనే. కోడలిని నా ముందర కూసోబెట్టి కంచం ఖాళీ అయ్యేదాక లేవనియ్యలే. అది కూర పక్కకు తీసిపెట్టి మొగునికి దాస్తదేమోనని నా అనుమానం. "అట్ల చూడకు అత్తా, గొంతు దిగట్లే," అనేది. "దిగుతది, తిను," అనేదాన్ని. గోంగూర పప్పు పెట్టిన దినం మాత్రం నేను చూడాల్సిన పని లేకపోయేది. ముగ్గురు తిన్నంక గిన్నె అడుగున ఉన్నదాంట్ల నేను అన్నం కలుపుకొని తుడుచుకొని తినేదాన్ని.

ఎనిమిదో నెలల పరీక్షకు పోతే ఎనిమిదిన్నర అన్నరు. నేను నమ్మలే. గడపకు పసుపు పెట్టినట్టు ఏదో ఒక అంకె పెడుతున్నరు అనుకున్న. తొమ్మిదో నెల పడ్డది. ఆ దినం దవాఖానాకు పోతుంటే ఆటోల కోడలు నా చెయ్యి ఇడవలే. గోర్లు దిగేటట్టు పట్టుకున్నది.

నర్సమ్మ వేలు గుచ్చింది. చుక్క తీసి చిన్న మిషన్ల పెట్టింది. మిషన్ అంకె చూపెట్టేదాక నేను దాని మీదికెల్లి కన్ను తియ్యలే.

"తొమ్మిది పాయింట్ నాలుగు. ఇక్కడనే కాన్పు చేస్తరు. పో, భయం లేదు," అన్నది.

కోడలు కండ్ల నీళ్లు తుడుచుకున్నది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్న.

"ఇంకోసారి గుచ్చు."

"ఎందుకు?"

"రెండు నెలలల్ల రెండు ఎట్ల పెరుగుతది? ఎవరిదో చూసి మాకు చెప్తున్నవేమో. రేపు నొప్పులొచ్చినంక, లేదు తక్కువున్నది ఖమ్మం పొమ్మంటే అప్పుడు నేనేం చెయ్యాలె?"

"పిల్ల వేలు జల్లెడ చెయ్యాల్నా పెద్దమ్మా? నీ ముందరనే గుచ్చిన కదా!"

"అయితే నాది గుచ్చు," అని చెయ్యి సాపిన. "నాకు ఏ రోగం లేదు. పొద్దున లేస్తే రాత్రి దాక పనిచేస్త. నాది మంచిగ చూపెడితే మిషన్ మంచిదని నమ్ముత."

ఎనక లైన్ల ఉన్నోళ్లు నవ్వుతున్నరు. నర్సమ్మ ఇంకో సూది తీసి నా వేలికి గుచ్చింది. చుక్క పెట్టింది. చూసింది. ఆమె మొహంల నవ్వు పోయింది. మిషన్ నా దిక్కు తిప్పింది. అంకెలైతే నాకు వస్తయి. ఆరు పాయింట్ ఎనిమిది.

"మిషన్ ఖరాబయింది," అన్న.

"అంతేనా?"

"అంతే. ఖరాబు మిషన్."

నర్సమ్మ మా కోడలి కార్డు ముందరేసుకొని పెన్ను మూత తీసింది. "అయితే మీ కోడలికి చూపిచ్చింది కూడా తప్పే. ఖమ్మం రాయాలె మరి. నువ్వే చెప్పు పెద్దమ్మా, రాయాల్నా?"

కోడలు నన్నే చూస్తున్నది. ఎనకాల నవ్వులు కూడా ఆగినయి. ఇంతకాలం అందరిని అడిగిన, అందరిని నిలదీసిన. ఈ ఒక్కదానికి జవాబు నేను చెప్పాలె.

"వద్దు బిడ్డా," అన్న. "మిషన్ మంచిదే."

నర్సమ్మ కోడలి కార్డు మీద రాసి ముద్ర గుద్దింది. తరువాత డ్రాయర్ల నుంచి కొత్త కార్డు తీసి, నీ పేరేంది పెద్దమ్మా అని అడిగింది. నేను కోడలి దిక్కు చూసిన. నేను చెప్పకముందే అది చెప్పేసింది, ఇంటిపేరుతోటి సహా.